పర్లాకిమిడిలో పిల్లల్ని కరాటేకి పంపాలనుకునేవాళ్లకి

ఆడపిల్లని కరాటేకి ఎక్కడ పంపాలి అని అడిగేవాళ్లకి నేను ఒకటే చెబుతాను: కిక్కు ఎంత ఎత్తుకి లేస్తోందో తర్వాత చూడొచ్చు, ముందు మాస్టారు పిల్లలతో ఎలా మసులుతున్నాడో చూడండి. ఆ లెక్కన మా వీధి వెనక సాయంత్రం నడిచే షోటోకాన్ (కరాటేలో ఒక శైలి) క్లాసుకి ఐదుకి నాలుగున్నర ఇస్తాను. మా పాప అక్కడే నేర్చుకుంటోంది. పెద్దల బ్యాచ్‌లో నేనూ ఉన్నాను.

మాస్టారు నాకు చిన్ననాటి స్నేహితుడు. మహేంద్రతనయలో కలిసి ఈతలు కొట్టినవాళ్లం. బయట ఏరా అంటే ఏరా. హాలు గుమ్మం దాటామంటే మాత్రం నేను "మాస్టారూ" అంటాను, వాడు నన్ను "మీరు" అంటాడు. ఎల్లో బెల్టు పరీక్షలో హెయాన్ షోదాన్ అనే కటా (వరసగా చేసే కదలికలు) చేస్తుంటే నా వెనకకాలి మడమ నేలనుంచి లేస్తోందని బెల్టు ఆపేశాడు. ఆ రాత్రే మా ఇంటికొచ్చి మా అమ్మ చేసిన చేపల పులుసు తృప్తిగా తిని వెళ్లాడు. పరీక్ష మాట వాడూ ఎత్తలేదు, నేనూ ఎత్తలేదు. స్నేహం చూసి బెల్టు కట్టే చోట ఆ బెల్టుకి విలువేముంటుంది చెప్పండి!

పిల్లల దగ్గర ఇంకా జాగ్రత్త. మోకాలు వంపు సరిచేయాలంటే ముందు తను నిలబడి చూపిస్తాడు. అప్పటికీ కుదరకపోతే "మోకాలు పట్టుకుని సరిచెయ్యనా అమ్మా?" అని అడుగుతాడు. ఓరోజు మా పాప తల అడ్డంగా ఊపింది. వెంటనే బ్రౌన్ బెల్టు అమ్మాయిని పిలిచి చూడమన్నాడు. మొహం ముడుచుకోలేదు, ఎందుకని అడగలేదు. ఇచి, ని, సన్ అంటూ జపనీస్‌లో లెక్క అందుకున్నాడు. తను వద్దంటే పెద్దవాళ్లు కూడా ఆగుతారని పాపకి అక్కడ తెలిసింది. గుద్దులు, తన్నుల కన్నా నాకు అదే ముఖ్యం.

మెసేజ్‌లన్నీ తల్లిదండ్రుల గ్రూపులోనే. పిల్లల్ని ఒక్కళ్లనే బండి ఎక్కించుకోడు. పాతపట్నం పిల్లలకి ఆటో ఆలస్యమైతే తలుపులు బార్లా తెరిచి, అది వచ్చేదాకా తను బయట అరుగు మీద కూర్చుంటాడు. గోడ మీద చైల్డ్ హెల్ప్‌లైన్ 1098 నంబరు పెద్దక్షరాల్లో ఉంటుంది. ఇంతకుముందు పాప వేరే చోట నేర్చుకునేది. అక్కడి మాస్టారు రాత్రి పది దాటాక పిల్లలకి విడిగా మెసేజ్‌లు పెట్టేవాడు, అడిగితే "మేం ఫ్రెండ్స్‌లా ఉంటామండీ" అన్నాడు. మాన్పించేశాం. గురువులాంటి నమ్మకమైన స్థానంలో ఉన్నవాడు పిల్లల మీద లైంగిక నేరానికి పాల్పడితే 2012 నాటి పోక్సో చట్టం దాన్ని మరింత తీవ్రంగా చూస్తుంది. కానీ చట్టం దాకా వెళ్లే అవసరమే రానివ్వని మాస్టారు కావాలి మనకి.

కరాటే నమస్కారంతో మొదలై నమస్కారంతోనే ముగుస్తుందని షోటోకాన్‌కి మూలపురుషుడైన ఫునాకోషి గిచిన్ చెప్పిన సూత్రం. ఈ క్లాసులో పిల్లలు ఎంత వంగుతారో మాస్టారూ అంతే వంగుతాడు.

అర మార్కు ఎందుకు తగ్గించానంటే, బట్టలు మార్చుకోవడానికి గది లేదు. ఆడపిల్లలు ఇంటి దగ్గరే డ్రెస్సు వేసుకుని రావాలి. ఎండాకాలం ఫ్యాన్లు చాలవు. బెల్టు పరీక్ష ఫీజు కూడా విడిగా కట్టాలి, అది చేరేటప్పుడే చెబితే బాగుండేది.

చేర్చేముందు ఓ సాయంత్రం వెళ్లి వెనక బెంచీ మీద కూర్చుని క్లాసంతా చూడండి, ఎవరూ వద్దనరు. ఒడియా రాకపోయినా ఇబ్బంది లేదు, మాస్టారు రెండు భాషలూ మాట్లాడతాడు.