పెంటాహోలో సెట్ వేరియబుల్స్ స్టెప్: పలాస జీడి లెక్కల్లో చాలాకాలం వాడాక

ఒకచోటి డేటాని తీసి, మార్చి, ఇంకోచోట ఎక్కించే సాఫ్ట్‌వేర్ పెంటాహో డేటా ఇంటిగ్రేషన్. అందులో మీకు బాగా నచ్చింది ఏమిటని ఎవరడిగినా సెట్ వేరియబుల్స్ స్టెప్ అనే చెప్తాను. ఏయే డేటాబేస్‌లకి కలుస్తుంది, జాబ్‌లు గీసుకునే స్పూన్ స్క్రీన్ ఎలా ఉంటుంది లాంటివి అందరికీ తెలిసినవే, వాటి జోలికి పోను. ఒక ట్రాన్స్‌ఫర్మేషన్ (డేటాని చదివి మార్చే స్టెప్పుల గొలుసు) కనుక్కున్న విలువని దాని తర్వాత నడిచేవాటన్నిటికీ అందించే ఈ చిన్న స్టెప్ మీదే మా లెక్కలు నిలబడ్డాయి.

నేను పనిచేసేది పలాసలో ఒక జీడిపప్పు ఫ్యాక్టరీలో. ఎన్ని బస్తాల పిక్కలు (తొక్కతో ఉన్న జీడి గింజలు) దిగాయి, ఎన్ని కొట్టారు, గుండు (విరగని పప్పు) ఎంత వచ్చింది, బద్ద (చీలిన పప్పు) ఎంత, ఏ గ్రేడు ఎంతకి పోయింది, ఇవన్నీ రాత్రి జాబ్‌లో, అంటే ట్రాన్స్‌ఫర్మేషన్లని వరసగా నడిపేదానిలో, ఒకదాని తర్వాత ఒకటి ఎక్కుతాయి. అన్నిటికీ తెలియాల్సినవి రెండే: ఏ తేదీ లెక్క, ఏ యార్డు లెక్క. తేదీ అంటే కంప్యూటర్ గడియారం చూపించే తేదీ అనుకుంటే కుదరదు. సీజన్‌లో కాటా అర్ధరాత్రి దాటాక కూడా నడుస్తుంది. యార్డు గుమస్తా గారు రోజు మూసినట్టు నమోదు చేసిన తేదీయే అసలు తేదీ. అది ఒక టేబుల్లో ఉంటుంది. మొదటి ట్రాన్స్‌ఫర్మేషన్ దాన్ని చదివి వేరియబుల్‌లో పెడుతుంది, మిగతావి డాలర్ గుర్తు వేసి బ్రాకెట్లో ఆ పేరు రాసుకుని వాడుకుంటాయి. అంతకుముందు ప్రతి క్వెరీలోనూ ఎవరో ఒకరు చేత్తో తేదీ మార్చేవారు. ఆ టెన్షన్ పోయింది.

ఇంకో సంగతి. ఈ స్టెప్‌కి డేటాలో ఒకే వరస (రో) రావాలి. రెండో వరస వస్తే ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. మొదట్లో ఇదేం చాదస్తం అనిపించింది. ఒక యార్డుకి రెండు తేదీలు తెరిచి ఉన్న రోజున, రెంటిలో ఏదో ఒకటి తనే ఎంచుకోకుండా ఆగినప్పుడు దీని విలువ తెలిసింది.

మమ్మల్ని బాగా ఇబ్బంది పెట్టింది స్కోప్. విలువ ఎంతవరకు చెల్లాలో ఇక్కడే చెప్పాలి: దీన్ని నడిపే పై జాబ్ వరకా, దాని పై జాబ్ వరకా, అన్నిటికీ పైనున్న రూట్ జాబ్ వరకా, లేక పెంటాహో నడిచే జావా వర్చువల్ మెషీన్ మొత్తానికా. మాకు మొదట సెటప్ చేసి వెళ్లినాయన అన్ని వేరియబుల్స్‌కీ ఆఖరిదే ఎంచారు. ఒక్క యార్డు ఉన్నన్నాళ్లూ ఇబ్బంది రాలేదు. రెండో యార్డు తెరిచాక దానికీ ఒక జాబ్ చేరింది. రెండు జాబ్‌లూ ఒకే కార్టే (పెంటాహో జాబ్‌లని నడిపే) సర్వర్ మీద, అంటే ఒకే వర్చువల్ మెషీన్‌లో, గంట తేడాతో నడిచేవి.

ఒక సాయంత్రం కరెంటు పోయి మొదటి యార్డు జాబ్ ఆలస్యమైంది. అది సగంలో ఉండగా రెండోది మొదలైంది. పొద్దున చూస్తే లాగ్‌లో ఒక్క ఎర్రర్ లేదు, అన్నీ పచ్చటి టిక్కులే. రిపోర్టు వెళ్లిన కాసేపటికి రెండో యార్డు గుమస్తా గారి ఫోన్: "ఏటి బాబూ ఇది, బస్తాకి 60 పౌన్ల పప్పు ఎక్కడైనా వస్తాదేటి?" ఆఫ్రికా పిక్కకి పప్పు దిగుబడి పౌన్లలో చూస్తారు. 80 కిలోల బస్తాకి 48 పౌన్లు, అంటే దాదాపు 22 కిలోలు వస్తే మంచి సరుకు. 60 అంటే నమ్మే మాట కాదు. అటు మొదటి యార్డులో బస్తాలు బోలెడు కొట్టినట్టుంది, పప్పు మాత్రం లేదు.

ప్రతి ట్రాన్స్‌ఫర్మేషన్ మొదట్లో వేరియబుల్స్ విలువలు లాగ్‌లో రాసేలా పెట్టి, రెండు జాబ్‌లనీ మళ్లీ అలాగే కలిపి నడిపాం. మొదటి యార్డు జాబ్ నడుస్తూండగానే, మధ్యలో యార్డు కోడ్ రెండోదానిదైపోయింది! పిక్కలు ఎక్కింది ఒక కోడ్ మీద, పప్పు ఎక్కింది ఇంకో కోడ్ మీద. స్కోప్‌ని రూట్ జాబ్‌కి మార్చాం. మారిస్తే సరిపోలేదు, కార్టేని ఆపి మళ్లీ మొదలుపెట్టాల్సి వచ్చింది. పాత విలువలు వర్చువల్ మెషీన్‌లోనే ఉండిపోతాయి, కొత్త జాబ్‌లు వాటిని కూడా అందుకుంటాయి.

ఆ తర్వాత కనబడిన లాభం నేను అనుకోనిది. ఇదివరకు తేదీ పెట్టే ట్రాన్స్‌ఫర్మేషన్ ఏ కారణంగానో నడవకపోయినా నిన్నటి విలువతో పని సాగిపోయేది, ఎవరికీ తెలిసేది కాదు. ఇప్పుడు విలువ లేకపోతే డాలర్ గుర్తూ బ్రాకెట్లూ అలాగే క్వెరీలోకి వెళ్లిపోతాయి, డేటాబేస్ అక్కడికక్కడే తిప్పికొడుతుంది. రాత్రి జాబ్ ఫెయిలైనా నాకు బాధ లేదు, పొద్దున్నే సరిచేసుకోవచ్చు. తప్పు లెక్క ఓనర్ గారి చేతికి వెళ్లి, దాన్ని బట్టి సరుకు ధర కట్టేస్తేనే నష్టం.

దీన్ని నేర్చుకోవడం చాలా సులువని ఇదివరకు తెలిసినవాళ్లందరికీ చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట అంత ధైర్యంగా చెప్పను. ఒక ట్రాన్స్‌ఫర్మేషన్‌లో పెట్టిన వేరియబుల్‌ని అదే ట్రాన్స్‌ఫర్మేషన్‌లో వాడటం కుదరదు. అందులోని స్టెప్పులన్నీ ఒకేసారి మొదలవుతాయి కాబట్టి, విలువ పెట్టేలోపే మిగతావి పాత విలువతో సిద్ధమైపోతాయి. కొత్తగా చేరిన ప్రతి కుర్రాడూ ఇక్కడే తికమకపడ్డాడు. అందుకని విలువ పెట్టడానికే విడిగా చిన్న చిన్న ట్రాన్స్‌ఫర్మేషన్లు రాయాలి, జాబ్ బొమ్మ చాంతాడంత అవుతుంది.

యార్డు కోడ్‌ని ఇప్పుడు వేరియబుల్‌గా పెట్టడం మానేశాం. జాబ్ మొదలుపెట్టేటప్పుడే నేమ్డ్ పారామీటర్‌గా, అంటే బయటి నుంచి పేరుతో అందించే విలువగా, ఇస్తున్నాం. అది జాబ్ సెట్టింగ్స్‌లో పేరుతో సహా కనిపిస్తుంది, ఎవరు చూసినా అర్థమవుతుంది. టేబుల్ నుంచి చదవాల్సిన తేదీకి మాత్రం సెట్ వేరియబుల్సే, అదీ రూట్ జాబ్ స్కోప్‌తోనే. మాది రాత్రికోసారి నడిచే పని, డేటా తక్కువ, చూసుకునేది ఇద్దరం. మాకు ఇది చక్కగా సరిపోయింది. పదిమంది కలిసి జాబ్‌లు రాసేచోట, పగలంతా పదుల జాబ్‌లు ఒకే సర్వర్ మీద నడిచేచోట అయితే నేను పారామీటర్లకే ఎక్కువ మొగ్గుతానేమో. పాత జాబ్‌లు ఎవరి దగ్గర్నుంచైనా తీసుకుంటున్నవాళ్లు ముందు ప్రతి సెట్ వేరియబుల్స్ స్టెప్‌నీ తెరిచి స్కోప్ ఏముందో చూడండి.