సుడో మెయిల్ అలర్ట్‌లు: ఏడు నెలలు వాడాక

మా ఆఫీసులో నాలుగు ఉబుంటు సర్వర్లు నేనే చూసుకుంటాను. పోయిన ఏడాది ఒక రాత్రి డేటాబేస్ ఆగిపోయింది. టీంలో ఎవరో సుడోతో (అడ్మిన్ హక్కులతో కమాండ్ నడిపే ప్రోగ్రాం) ఆపి, మళ్లీ స్టార్ట్ చేయడం మర్చిపోయారు. ఆథ్ లాగ్‌లో (లాగిన్‌లు, సుడో వాడకం నమోదయ్యే ఫైలు) అంతా స్పష్టంగానే ఉంది. కానీ నేను లాగ్ తెరిచింది పొద్దున ఏడింటికి, కస్టమర్ల ఫోన్లు మొదలయ్యాక.

ఆ రోజే సుడోలో ముందునుంచీ ఉన్న మెయిల్ అలర్ట్ ఆన్ చేశాను. విసుడో అనే కమాండ్‌తో సుడో సెట్టింగ్స్ ఫైలు తెరిచి రెండు డిఫాల్ట్స్ లైన్లు రాస్తే చాలు. ఒకటి మెయిల్‌టు, అంటే మెయిల్ ఎవరికి వెళ్లాలో; రెండోది మెయిల్_ఆల్వేస్, అంటే సుడో వాడిన ప్రతిసారీ మెయిల్ పంపమని. మెయిల్ అడ్రసును మాత్రం డబుల్ కోట్స్‌లో పెట్టాలి, లేకపోతే అందులోని అట్ గుర్తు దగ్గర తేడా వస్తుంది.

రాసి సాయంత్రం దాకా చూశాను, ఒక్క మెయిలూ రాలేదు. సుడో తనంతట తాను మెయిల్ పంపదు, సెండ్‌మెయిల్ అనే ప్రోగ్రాంకి అప్పజెబుతుంది. నా సర్వర్లలో అదే లేదు. మెయిల్ పంపే చిన్న ప్రోగ్రాం ఎంఎస్ఎంటీపీ, దాన్ని సెండ్‌మెయిల్ స్థానంలో నిలిపే దాని ఎంటీఏ ప్యాకేజీ వేసి, మా మెయిల్ సర్వర్ వివరాలు ఇచ్చాక గానీ దారికి రాలేదు. కొత్తవాళ్లు ఎక్కువగా ఇక్కడే ఆగిపోతారు.

మొదటి మెయిల్ ఇంకా దాచుకున్నాను. సబ్జెక్టులో 'సెక్యూరిటీ ఇన్ఫర్మేషన్', పక్కన సర్వర్ పేరు. లోపల ఎవరు, ఏ టెర్మినల్ నుంచి, ఏ ఫోల్డర్‌లో ఉండి, ఎవరి హక్కులతో, ఏ కమాండ్ కొట్టారో ఉంది. నాకు కావలసింది సరిగ్గా అదే.

తర్వాత వరద మొదలైంది. మానిటరింగ్ స్క్రిప్టు ఐదు నిమిషాలకోసారి సుడో వాడుతుంది. అంటే ఒక్క సర్వర్ నుంచే రోజుకు 288 మెయిళ్లు! డిఫాల్ట్స్ పక్కన కోలన్, ఆ స్క్రిప్టు యూజర్ పేరు పెట్టి, మెయిల్_ఆల్వేస్ ముందు ఆశ్చర్యార్థకం చేర్చాను, అంటే ఆ యూజర్‌కి మాత్రం మెయిల్ వద్దని. ఇప్పుడు రోజుకు పదో పదిహేనో వస్తాయి, అన్నీ చదువుతాను.

ఒక పెద్ద లోటు ఉంది. ఎవరైనా సుడోతో రూట్ షెల్‌లోకి (పూర్తి అడ్మిన్ హక్కులతో వరసగా కమాండ్లు కొట్టే చోటు) వెళ్తే వచ్చేది ఒక్క మెయిలే, అందులో కమాండ్‌గా ఆ షెల్ పేరు, బాష్ అని మాత్రమే ఉంటుంది. లోపల ఏం చేశారో తెలియదు. అందుకే షెల్ వద్దు, ఏ కమాండ్‌కి ఆ కమాండ్ సుడోతోనే కొట్టండని మా టీం పిల్లలకు గట్టిగా చెప్పాను.

పోయిన వారం రాత్రి పదకొండింటికి డేటాబేస్ ఆపినట్టు మెయిల్ వచ్చింది. పది నిమిషాలైనా మళ్లీ స్టార్ట్ చేసిన మెయిల్ రాలేదు. మెయిల్‌లో పేరున్న కుర్రాడికి ఫోన్ చేశాను. "అయ్యో అక్కా, మర్చిపోయా, ఇప్పుడే" అన్నాడు. ఫోన్ పెట్టేలోపే రెండో మెయిల్ వచ్చింది.