జిమ్నీకి రెండో సెట్ చక్రాలు: 28 వేల కిలోమీటర్ల తర్వాత

మా మారుతి జిమ్నీకి ఇప్పుడున్నవి బయట కొన్న రెండో సెట్ చక్రాలు. 15×6 అలాయ్ (15 అంగుళాల వ్యాసం, 6 అంగుళాల వెడల్పు), ఆఫ్‌సెట్ సున్నా (అంటే ఇరుసు చివరి హబ్‌కి బిగిసే ముఖం చక్రం వెడల్పుకి సరిగ్గా మధ్యలో ఉంటుంది; మైనస్ అయితే చక్రం బయటికి, ప్లస్ అయితే లోపలికి జరుగుతుంది), వాటికి 215/75 ఆర్15 (215 మిల్లీమీటర్ల వెడల్పు) ఆల్ టెర్రైన్, అంటే రోడ్డుకీ మట్టికీ పనికొచ్చే టైర్లు. వీటి మీద 28 వేల కిలోమీటర్లు తిరిగాను. అందులో సగానికి పైగా విజయవాడ నుంచి గుంటూరుకి ఆఫీసు తిరుగుడే, మిగతాది కొండపల్లి చుట్టుపక్కల రాళ్ల దారులు, సూర్యలంక ఇసుక, ప్రత్తిపాడు వైపు మా చేల డొంకలు. కంపెనీ పేర్లు రాయడం లేదు, ఎందుకంటే మొదటి సెట్‌తో నేను పడ్డ ఇబ్బంది కంపెనీ వల్ల కాదు, కొలతల వల్ల.

ఆ మొదటి సెట్ 2024 జనవరిలో వేయించాను. 15×8 అలాయ్, ఆఫ్‌సెట్ మైనస్ 20, 235/75 ఆర్15 టైర్లు. షాపతను 5 నట్లు, 139.7 పీసీడీ (నట్ల రంధ్రాలు ఉండే వృత్తం వ్యాసం, మిల్లీమీటర్లలో) అని చూసి "పక్కా ఫిట్ సార్" అన్నాడు, నేనూ నమ్మాను. పీసీడీ కలిస్తే చక్రం హబ్‌కి బిగుస్తుంది, అంతవరకే. బండి కింద సరిగ్గా తిరుగుతుందా లేదా అనేది ఆఫ్‌సెట్, వెడల్పు, మధ్య రంధ్రం చెప్తాయి.

లెక్క ఒకసారి చూడండి. జిమ్నీతో పాటు వచ్చిన కంపెనీ చక్రం 15×5.5, ఆఫ్‌సెట్ ప్లస్ 5. అంటే హబ్ ముఖం నుంచి చక్రం అంచు బయటికి దాదాపు 65 మిల్లీమీటర్లు ఉంటుంది. నేను వేయించిన దానికి అదే 121 దాటింది. ఒక్కో పక్క 57 మిల్లీమీటర్లు, అంటే రెండు అంగుళాల పైన బయటికొచ్చింది. స్టీరింగ్ తిప్పినప్పుడు ఆ టైరు తిరిగే వృత్తం పెద్దదవుతుంది కాబట్టి, చివరికంటా తిప్పి రివర్స్ తీసిన ప్రతిసారీ ముందు బంపర్ మూలకి రాసుకునేది. వానలో బురద తలుపుల మీదకి, అద్దాల మీదకి చిమ్మేది, వెనకొచ్చే బైకుల వాళ్ల మీద పడుతుంటే నాకే బాధగా ఉండేది. బాడీ దాటి టైర్లు బయటికొచ్చాయని బెంజ్ సర్కిల్ దగ్గర ఒకసారి ఆపారు కూడా. మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 ఉంది కదా, బండిని కంపెనీ ఇచ్చిన స్పెసిఫికేషన్‌కి తేడాగా మార్చకూడదని. ప్రమాదం జరిగితే ఇన్సూరెన్స్ దగ్గర దీని గురించే అడుగుతారేమోనని టెన్షన్ ఉండేది.

వీటన్నిటికన్నా నన్ను ఎక్కువ భయపెట్టింది స్టీరింగ్ వణుకు. 80 దాటగానే మొదలయ్యేది. బాలెన్సింగ్ మూడు సార్లు చేయించాను, పోలేదు. చివరికి ఆటోనగర్‌లో ఒక పెద్ద మేస్త్రి చక్రం విప్పి, మధ్య రంధ్రంలో వేలు పెట్టి చూపించాడు. జిమ్నీ హబ్ 108 మిల్లీమీటర్లు, ఆ అలాయ్ రంధ్రం 110. హబ్‌కీ రంధ్రానికీ మధ్య సందు నింపే హబ్ రింగ్ లేకుండా నట్ల మీదే చక్రం కూర్చుంది. "బాబూ, ముందు యాక్సిల్ ఒకే కడ్డీ, చక్రం ఇంత బయటికొస్తే బేరింగుల మీద బరువు పడదా" అన్నాడు. రింగులు వేస్తే వణుకు సగం తగ్గింది. పూర్తిగా పోయింది ఆ సెట్ తీసేశాకే. మా బాబాయి మిర్చి కాటా మీద తూకం వేసి చూశాను: కంపెనీ చక్రం టైరుతో కలిపి 18 కిలోలు, ఇది 26. నాలుగు మూలలా ఎనిమిదేసి కిలోలు ఎక్కువ తిప్పాలంటే 134 న్యూటన్ మీటర్ల ఇంజిన్ ఏం చేస్తుంది, ఫ్లైఓవర్ ఎక్కేటప్పుడల్లా గేరు దించాల్సి వచ్చేది.

ఆ సెట్ 80 వేలకి కొని 48 వేలకి అమ్మేశాను. ఐదు నెలలు కూడా వాడలేదు.

రెండోసారి కొనేముందు ఆ మేస్త్రి చెప్పినట్టే చేశాను. ముందు ఒక చక్రాన్ని ఎత్తు దిమ్మె మీదకి ఎక్కించి, స్టీరింగ్ ఇటూ అటూ చివరికంటా తిప్పి, బంపర్‌కీ టైరుకీ, లోపల చాసిస్‌కీ టైరుకీ మధ్య ఖాళీ టేపుతో కొలిచాను. చదునైన నేల మీద కొలిస్తే ఏమీ తెలియదు, ఆఫ్‌రోడ్‌లో టైరు తగిలేది ఒక చక్రం పైకి నొక్కుకుపోయి స్టీరింగ్ తిరిగి ఉన్నప్పుడే. 15×6, ఆఫ్‌సెట్ సున్నా అయితే బయటికి 11 మిల్లీమీటర్లు, లోపలికి ఒకటిన్నర కూడా పెరగదు. రంధ్రం 108 ఉన్నదే అడిగి తెప్పించుకున్నాను. నట్ల విషయం కూడా అడగండి. మొదటి సెట్ నట్ల గుంటలు ఇరుకు, సన్న నట్లు, వాటికి వేరే పానా. మంగళగిరి దాటాక పంక్చర్ అయితే అక్కడి షాపులో ఏ పానా పట్టలేదు, గంటన్నర ఎండలో నిలబడ్డాం. ఇప్పుడు కంపెనీ నట్లే వాడుతున్నాను.

ఇప్పటివరకు ఈ సెట్ ఎక్కడా తగల్లేదు. హైవే మీద 90 దాకా స్టీరింగ్ నిలకడగా ఉంది, టైరు చప్పుడు మాత్రం పాత రోడ్డు టైరు కన్నా ఎక్కువ, అద్దాలు ఎక్కించినా వినిపిస్తుంది. తడి రోడ్డు మీద బ్రేకు బాగుంది. సూర్యలంకలో గాలి 16 పీఎస్‌ఐకి దించితే మెత్తటి ఇసుకలో కూడా కూరుకుపోలేదు, తిరిగి రోడ్డెక్కేముందు నింపడానికి చిన్న కంప్రెసర్ వెంట ఉంచుతాను. 2024 సెప్టెంబరులో బుడమేరు వరద తీశాక సింగ్‌నగర్‌లో మా అత్తయ్య వాళ్లింటికి నీళ్ల క్యాన్లు తీసుకెళ్లినప్పుడు ఆ వీధుల్లోని ఒండ్రులో ఫోర్ వీల్ పెట్టి మెల్లగా వెళ్తే ఎక్కడా ఆగలేదు. కానీ నల్లరేగడిలో ఈ టైరుకి మార్కులు వేయలేను. వాన పడ్డాక చేలోకి దిగితే పది గజాల్లో టైరు గాడుల్లో మట్టి నిండిపోయి టైరు గుండులా అవుతుంది, ఇక జారడమే. వెడల్పు టైరు అయినా అంతే, మొదటి సెట్‌తో కూడా చూశాను. అలాంటి నేలలో రోజూ తిరిగేవాళ్లకి బురద కోసమే చేసిన మడ్ టెర్రైన్ టైరు తప్పదు. నాకు ఏడాదికి పది రోజుల పని, అందుకు రోజూ ఆ మోత భరించలేను.

మైలేజీ దగ్గర ఒక మాట. 235 టైరు చుట్టుకొలత కంపెనీ టైరు కన్నా దాదాపు 6 శాతం ఎక్కువ, మీటరులో 80 చూపిస్తే బండి 85 దగ్గర పోతుంటుంది, ఓడోమీటరు కూడా తక్కువే చూపిస్తుంది. ఆ లెక్క సరిచేయకుండా మైలేజీ ఘోరంగా పడిపోయిందని మొదట్లో కంగారుపడ్డాను. సరిచేస్తే ఊళ్లో 11, ఇప్పుడు 215తో 12.5 వస్తోంది. 215కి తేడా ఒకటిన్నర శాతమే.

ఐదో టైరు కూడా అదే సైజు కొనండి. ఫోర్ వీల్ పెట్టినప్పుడు ఒక చక్రం చిన్నదైతే ముందు, వెనక చక్రాలకి ఇంజిన్ శక్తిని పంచే ట్రాన్స్‌ఫర్ కేసు మీద ఒత్తిడి పడుతుంది, పైగా ఐదింటినీ మార్చి మార్చి తిప్పుకోవచ్చు. నేను 8 వేలకి ఒకసారి మారుస్తున్నాను, నట్లు మళ్లీ వంద కిలోమీటర్లకి టార్క్ రెంచ్‌తో చూస్తాను. మొన్న గేజి పెడితే ఐదింటికీ 5 మిల్లీమీటర్ల గాడి లోతు ఉంది, అరుగుదల సమానంగా ఉంది. ఇవి అయిపోయాక కూడా ఇదే సైజు వేయిస్తాను, అలాయ్‌లు మార్చే ఆలోచన లేదు.