చైనా పద్ధతా, రష్యా పద్ధతా?

బయటి దేశాల జనం ఆలోచనల్ని ప్రభావితం చేయడంలో ఎవరి తీరుకు ఎక్కువ భయపడాలి? చైనాది మచ్చిక చేసుకునే రకం. 2004 నుంచి విదేశీ యూనివర్సిటీల్లో కన్ఫ్యూషియస్ ఇన్‌స్టిట్యూట్లు పెట్టి భాష నేర్పిస్తుంది, డబ్బులిస్తుంది, తైవాన్ మాటెత్తితే మాత్రం ఊరుకోదు. 2014లో పోర్చుగల్‌లో ఒక సదస్సులో తైవాన్ సంస్థ పేరుందని, ఆ ఇన్‌స్టిట్యూట్లను అప్పట్లో నడిపిన చైనా పెద్దావిడ కార్యక్రమ పుస్తకాల్లోంచి పేజీలే చింపించేశారు!

రష్యాకు అంత ఓపిక లేదు. తనను మెచ్చుకోమని కూడా అడగదు, మనలో మనం కొట్టుకుంటే దానికి చాలు. 2016 మేలో అమెరికాలోని హ్యూస్టన్‌లో ఇస్లామిక్ సెంటర్ ముందు వ్యతిరేకంగా ఒక గుంపు, మద్దతుగా ఇంకో గుంపు ఎదురెదురుగా నిలబడి అరుచుకున్నాయి. రెండిటినీ పిలిచిన ఫేస్‌బుక్ పేజీలు రష్యాలోని సెయింట్ పీటర్స్‌బర్గ్ ట్రోల్ ఫ్యాక్టరీవే (దొంగ ఖాతాలతో పోస్టులు పెట్టించే సంస్థ). ప్రకటనల ఖర్చు 200 డాలర్లే (అమెరికా సెనేట్ విచారణలో చెప్పిన లెక్క).

నాకైతే చైనా తీరుకే ఎక్కువ భయం. పుకారును తవ్వి తీయొచ్చు, గ్రాంటు పోతుందని ప్రొఫెసర్ మానేసిన పాఠాన్ని ఎక్కడని వెతుకుతాం? పైగా ఇప్పుడు చైనా రష్యా పద్ధతీ నేర్చుకుంది: 2023లో ఫేస్‌బుక్ కంపెనీ మెటా దాని ఫేక్ ఖాతాలు 7,700 దాకా పీకేసింది.