మా 1967 ఎం.జి.బి: పదకొండేళ్ల వాడకం, ఒక కాగితాల కట్ట

ఈ కారు కొని పదకొండేళ్లు దాటింది. ఎం.జి.బి రోడ్‌స్టర్, పైకప్పు మడిచేసుకునే రెండు సీట్ల బండి. మేముండేది ఇంగ్లండ్‌లోని డిడ్‌కాట్‌లో. ఈ కార్లు తయారైన ఆబింగ్‌డన్ మాకు పక్క ఊరే. 1962 నుంచి 1980 దాకా ఐదు లక్షలకు పైగా చేశారు కాబట్టి స్పేర్ పార్టులకు ఇప్పటికీ ఇబ్బంది లేదు. పాత స్పోర్ట్స్ కారు కొనాలని ఉందని మనవాళ్లెవరైనా అడిగితే నేను ముందు దీని పేరే చెప్తాను.

1798 సి.సి ఇంజన్, పెట్రోల్‌ను గాలితో కలిపి ఇంజన్‌కు అందించే రెండు ఎస్.యు కార్బ్యురేటర్లు, 95 హార్స్‌పవర్. ఇప్పటి మామూలు ఫ్యామిలీ కారు కూడా సిగ్నల్ దగ్గర దీన్ని దాటేసి వెళ్లిపోతుంది. కానీ పల్లె దారుల్లో, నేలకు జానెడెత్తులో కూర్చున్నట్టు ఉండి, యాభై మైళ్ల వేగమే ఎనభైలా అనిపిస్తుంది. ఆ సుఖం నాకు ఇంకే కారులోనూ దొరకలేదు. పొద్దున్నే తాళం తిప్పగానే వెనక నుంచి పెట్రోల్ పంపు టిక్ టిక్ టిక్ మంటుంది. కార్బ్యురేటర్లు నిండే కొద్దీ ఆ చప్పుడు నెమ్మదించి, ఆగిపోతుంది. అప్పుడు చోక్ లాగి స్టార్ట్ చేయాలి. టిక్కులు ఆగలేదంటే ట్యాంకు ఖాళీ అయినా అయి ఉండాలి, ఎక్కడో పెట్రోల్ కారుతూ అయినా ఉండాలి. ఒక చలికాలం ఉదయం ఆ చప్పుడు ఆగకపోవడం వల్లే బానెట్ ఎత్తి చూసి, పగిలిన రబ్బరు గొట్టాన్ని పట్టుకోగలిగాను. చెవి పెట్టి వింటే ఈ కారు తన కష్టం తనే చెప్పుకుంటుంది.

ఓపిక ఉండాలి. ముందు చక్రాలు పక్కలకు తిరగడానికి ఉండే కింగ్‌పిన్‌లకు మూడు వేల మైళ్లకోసారి గ్రీజు కొట్టాల్సిందే. వాన పడితే అద్దం మూల నుంచి మోకాలి మీద చుక్కలు పడతాయి, పదకొండేళ్లుగా ఎన్ని రబ్బర్లు మార్చినా పడుతూనే ఉన్నాయి. నలభై ఏళ్లు దాటిన కారు కాబట్టి రోడ్ ట్యాక్స్ కట్టక్కర్లేదు. పెట్రోల్ మాత్రం ఇథనాల్ తక్కువుండే E5 రకమే పోయిస్తాను.

వీటన్నిటికన్నా పెద్ద శత్రువు తుప్పు. తలుపుల కింద సిల్స్ అనే భాగాలను లోపల్నుంచి తినేసి ఉంటుంది, పైకి రంగు మెరుస్తూనే ఉంటుంది. కొనేటప్పుడు నేను కింద పడుకుని వేలితో కొట్టి చూశాను. ఎక్కడ కొట్టినా గట్టి రేకు చప్పుడే. యాభై ఏళ్లకు దగ్గరపడిన కారు ఇంత శుభ్రంగా ఉందంటే నా అదృష్టం అనుకున్నాను. అమ్మినాయన కూడా అంతా ఒరిజినలే అన్నాడు.

రెండేళ్ల తర్వాత ఒక పాతకాలం మెకానిక్‌ని పక్కన కూర్చోబెట్టుకుని వెళ్తుంటే, రౌండ్‌అబౌట్ దగ్గర కారు ఇంకా కదులుతుండగానే ఫస్ట్ గేరు వేశాను. మెత్తగా పడింది. ఆయన నా వైపు తిరిగి, "అలా పడకూడదే" అన్నాడు. ఆగి కార్పెట్ ఎత్తి గేర్‌బాక్స్ మీద గూడులా ఉండే రేకు, టన్నెల్, చూశాడు. వెడల్పుది. ఇది మార్క్ టూ, అంటే ఎం.జి.బిలో తర్వాత వచ్చిన రెండో రకం బాడీ అన్నాడు.

అర్థం కావాలంటే రెండు విషయాలు తెలియాలి. మా కారు నంబరు ప్లేటు మీద చివర ఇంగ్లిష్ E అక్షరం ఉంది, అంటే 1967 జనవరి, జులై మధ్య రోడ్డెక్కిన బండి. ఆ రోజుల ఎం.జి.బిలో ఫస్ట్ గేరుకు సింక్రోమెష్, అంటే కారు కదులుతున్నా గేరు మెత్తగా పడేలా చేసే ఏర్పాటు, లేదు, కారు పూర్తిగా ఆగకుండా వేస్తే గరగరమంటుంది. అన్ని గేర్లకూ సింక్రో ఉన్న గేర్‌బాక్సు, దానికోసం వెడల్పు చేసిన టన్నెల్ 1967 చివర్లో మార్క్ టూతో వచ్చాయి. అంటే ఇంకా పుట్టని బాడీతో మా కారు రోడ్డు మీదికి వచ్చినట్టు.

ఇంటికొచ్చి చెప్తే, అప్పటికి తొమ్మిదేళ్లున్న మా అబ్బాయి "నాన్నా, అయితే మన కారు టైమ్ ట్రావెల్ చేసింది!" అని ఎగిరి గంతేశాడు. నేను కొట్టిపారేయలేదు. రేవతి తండ్రి బ్రహ్మలోకానికి వెళ్లి తిరిగొచ్చేసరికి యుగాలు గడిచిపోయాయన్న కథ వాడికి మా అమ్మ చెప్పి ఉంది. సరే, నిజంగానే అనుకుందాం, ఎలా రుజువు చేస్తావు అని అడిగాను. ఇద్దరం కూర్చుని కాగితాలు ముందేసుకున్నాం.

మన దగ్గర సెకండ్ హ్యాండ్ బండి కొంటే "ఎన్నో ఓనరు?" అనేది మొదటి ప్రశ్న. ఇక్కడి రిజిస్ట్రేషన్ కాగితం (లాగ్‌బుక్), వి5సి మీద ఓనరు అనే మాటే వాడరు, రిజిస్టర్డ్ కీపర్ అంటారు. ఇది యాజమాన్యానికి రుజువు కాదని ఆ కాగితం మీదే అచ్చేసి ఉంటుంది. పైగా బ్రిటన్‌లో నంబరు ప్లేటును విడిగా కొనొచ్చు, అమ్మొచ్చు, వేరే కారుకు మార్చొచ్చు. కాబట్టి నంబరును పట్టుకుని కారు వయసు తేల్చలేం. బానెట్ కింద రివెట్లు కొట్టిన చిన్న రేకు మీది ఛాసిస్ నంబరు, ఇంజన్ మీది నంబరు చూడాలి. మా రేకు మీద జి.హెచ్.ఎన్.3 అని మొదలవుతుంది, అది మార్క్ వన్ గుర్తు. మార్క్ టూ అయితే జి.హెచ్.ఎన్.4 అని ఉండాలి.

గేడన్‌లోని బ్రిటిష్ మోటార్ మ్యూజియంలో ఫ్యాక్టరీ రికార్డులు ఉన్నాయి. డబ్బు కడితే వాటిలో చూసి సర్టిఫికెట్ ఇస్తారు. మాది వచ్చింది: 1967 ఫిబ్రవరిలో తయారైంది, ఇంజన్ నంబరు సరిపోయింది, రంగు టార్టన్ రెడ్. మా కారు నీలం. రంగు మార్చిన కారులో పాత రంగు ఏదో మూల దాక్కుని ఉంటుంది. నేనూ మావాడూ టార్చి పట్టుకుని ఒక ఆదివారమంతా వెతికాం. డ్యాష్‌బోర్డు వెనక, బూట్ అడుగున, బ్యాటరీలు పెట్టే గుంటల్లో, ఎక్కడా వేలి గోరంత ఎరుపు లేదు. నాకు అప్పుడే అర్థమైంది. ఈ బాడీ ఎప్పుడూ ఎర్రగా లేదు.

కారు రోడ్డు మీద తిరగడానికి పనికొస్తుందని పరీక్షించి ఇచ్చే ఎం.ఓ.టి సర్టిఫికెట్లలో పాతవాటి మీద ఒక గ్యారేజీ ముద్ర ఉంది. నా దగ్గరున్న ఫొటోలు జతచేసి అక్కడికి ఉత్తరం రాశాను, మీకు తెలిసిన పాత కస్టమరైతే దయచేసి అందజేయండి అని. నాలుగు నెలలకు ఒక పెద్దావిడ నుంచి జవాబొచ్చింది. 1991లో వాళ్లాయన ఈ కారును చెట్టుకు గుద్దారట. ఆయనకేం కాలేదు, బాడీ మాత్రం పనికి రాకుండా పోయింది. పాత ప్రెస్ అచ్చులతోనే ఎం.జి.బి బాడీలను 1988 నుంచి మళ్లీ కొత్తగా తయారుచేసి అమ్ముతున్నారు. ఆయన ఒకటి తెప్పించుకుని, వేరే కారులోంచి తీసిన గేర్‌బాక్సు పెట్టి, తన ఇంజన్, తన నంబరు రేకు దీనికి మార్చుకున్నారు. కవరులో బాడీ కొన్న రసీదు ఉంది, ఒక ఫొటో కూడా ఉంది. ప్రైమర్ పూతతో, చక్రాలు లేకుండా, చెక్క దిమ్మల మీద కూర్చున్న మా కారు. పక్కన చేతులు కట్టుకుని నవ్వుతున్న ఆయన. ఆ ఫొటో చూసి నాకు గొంతు పట్టేసింది.

ఆ రసీదు ఉన్న కారుకూ లేని కారుకూ తేడా ఎంతో కొనేవాళ్లు తెలుసుకోవాలి. బాడీ మార్చడం తప్పు కాదు, చెప్పకుండా ఒరిజినల్ అని అమ్మడం తప్పు. మీరు ఎం.జి.బి చూడ్డానికి వెళ్తే కారు కన్నా ముందు కాగితాల కట్ట అడగండి. ఛాసిస్ నంబరు, ఇంజన్ నంబరు మీరే చదివి రాసుకోండి. కార్పెట్ ఎత్తి చూడండి.

మా అబ్బాయి ఫొటో వెనక పెన్సిల్‌తో రాసి ఉన్న 1991 చూసి, "అయితే టైమ్ ట్రావెల్ కాదన్నమాట" అని కాసేపు డీలా పడ్డాడు. ఏ మామూలు కారణమూ మిగలకపోతేనే కదా అది రుజువయ్యేది, మనకు ఒకటి దొరికేసింది అన్నాను. ఒప్పుకున్నాడు. రాత్రి పడుకునే ముందు మళ్లీ వచ్చి, "మరి ఆ ఎర్ర బాడీ ఏమైంది నాన్నా?" అని అడిగాడు. ఆ పెద్దావిడకు ఇంకో ఉత్తరం రాశాం.