కిక్‌స్టార్ట్‌తో తొమ్మిదేళ్లు

ఉద్యోగంలో చేరిన కొత్తలో నా పని లినక్స్ డీవీడీ పట్టుకుని ర్యాక్‌ల మధ్య తిరుగుతూ ఒక్కో సర్వర్‌కీ ఓఎస్ ఎక్కించడమే. ఇన్‌స్టాలర్ టైమ్‌జోన్ అడుగుతుంది, నొక్కు. పార్టిషన్లు అడుగుతుంది, నొక్కు. పదో సర్వర్ దగ్గరికి వచ్చేసరికి ఏసీ చలికి వేళ్లు కొంకర్లు పోయేవి, ముందుదానికి స్వాప్ (ర్యామ్ చాలనప్పుడు వాడుకునే డిస్కు చోటు) నాలుగు జీబీ ఇచ్చానో ఎనిమిది ఇచ్చానో గుర్తుండేది కాదు. తర్వాత చూసుకుంటే పది సర్వర్లూ పది రకాలుగా ఉండేవి.

ఆ బాధ పడలేక కిక్‌స్టార్ట్‌కి మారాను. సెంట్‌ఓఎస్ 7తో మొదలుపెట్టి ఇప్పుడు రాకీ లినక్స్ 9 మీద ఉన్నాను. ఇన్‌స్టాలర్ అడగబోయే ప్రశ్నలన్నిటికీ జవాబులు ముందే ఒక టెక్స్ట్ ఫైల్లో రాసిపెట్టడం, అంతే. ఆ ఫైలు కూడా మొదటి నుంచి రాసుకోనక్కర్లేదు. ఒక సర్వర్‌లో చేత్తో ఇన్‌స్టాల్ చేస్తే, మనమిచ్చిన జవాబులన్నీ రూట్ యూజర్ ఫోల్డర్‌లో ఫైలుగా మిగిలి ఉంటాయి. దాన్నే కాపీ చేసి దిద్దుకోవచ్చు.

నిజానికి ఈ ఫైలు వల్ల పోయిన నిద్ర తక్కువ. సర్వర్ ఆ ఫైలు దాకా చేరకపోవడం వల్ల పోయిందే ఎక్కువ. డీవీడీ లేకుండా నెట్‌వర్క్ మీద నుంచే బూట్ చేస్తాను, దాన్నే పీఎక్స్‌ఈ అంటారు. ఒకసారి కొత్త సర్వర్లన్నీ 'పీఎక్స్‌ఈ-ఈ51' అని చూపించి ఆగిపోయాయి. ఐపీ అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ నుంచి జవాబు రాలేదని దాని అర్థం. అదే పోర్టుకి లాప్‌టాప్ పెడితే ఐపీ చక్కగా వస్తోంది! సగం రాత్రి తల పట్టుకున్నాక తెలిసింది: లింకు లేచాక, నెట్‌వర్క్‌లో లూపులు రాకుండా చూసే స్పానింగ్ ట్రీ 30 సెకన్లు పోర్టుని ఆపి ఉంచుతోంది, సర్వర్‌లోని నెట్‌వర్క్ కార్డుకి అంత ఓపిక లేదు. స్విచ్‌లో ఆ ఆలస్యం లేకుండా చేసే పోర్ట్‌ఫాస్ట్ పెట్టగానే అన్నీ లేచాయి.

బూట్ ఫైళ్లు నెట్‌వర్క్ మీద తెచ్చే టీఎఫ్‌టీపీ ఇంకో నస. మామూలుగా 512 బైట్ల ముక్క పంపి, అందిందని కబురొచ్చాకే తర్వాతి ముక్క పంపుతుంది, అందుకే నెమ్మది. నేను ఐపీఎక్స్‌ఈ అనే బూట్ ప్రోగ్రామ్ పెట్టి, లినక్స్ లేవడానికి కావాల్సిన కెర్నల్, ఇనిట్‌ఆర్‌డీ ఫైళ్లు రెండూ హెచ్‌టీటీపీ మీదే లాగుతున్నాను. పాత బయోస్ బదులు యూఈఎఫ్‌ఐ ఉన్న సర్వర్లకి బూట్ ఫైలు వేరే ఇవ్వాలన్నది మర్చిపోకండి.

రాకీ 9కి మారినప్పుడు చిన్న దెబ్బ తగిలింది. కిక్‌స్టార్ట్ ఫైలు ఎక్కడుందో చెప్పే బూట్ లైన్‌లో పాత పద్ధతిలో ఉత్త 'కేఎస్' అని రాసి ఉంచాను. ముందు 'ఇన్‌స్ట్' లేకపోతే 9 దాన్ని అసలు లెక్కచేయదు. సర్వర్ ఏమీ ఎరగనట్టు భాష ఎంచుకోమంటూ కూర్చుంది.

అసలు భయపడాల్సింది 'క్లియర్‌పార్ట్ ఆల్' అనే ఒక్క లైనుకి. కనిపించిన ప్రతి డిస్కునీ తుడిచేస్తుంది. ఒక పాత సర్వర్‌కి మళ్లీ ఓఎస్ ఎక్కిస్తూ, వెనకాల స్టోరేజీ ఫైబర్ కేబుల్ పెట్టే ఉందని చూసుకోలేదు. ఆ కేబుల్ గుండా కనిపించే స్టోరేజీ డిస్కు, అంటే లన్, కూడా తుడిచిపెట్టుకుపోయింది.

"అన్నా, ఆ లన్‌లో ఏముంది?" అని డేటాబేస్‌లు చూసుకునే డీబీఏ అన్నకి ఫోన్ చేశాను.

"ఎందుకడుగుతున్నావ్?" అన్నాడు. తర్వాత చాలాసేపు మాట్లాడలేదు.

టెస్ట్ డేటాబేస్ కాబట్టి బతికిపోయాను. బ్యాకప్ నుంచి తిరిగి తెచ్చేసరికి తెల్లారింది. అక్షరదోషాలుంటే ఫైలుని తనిఖీ చేసే కేఎస్‌వాలిడేటర్ పట్టుకుంటుంది కానీ ఇలాంటి తప్పు దానికేం తెలుస్తుంది? ఇప్పుడు నా ప్రతి ఫైల్లోనూ చెప్పిన డిస్కుని తప్ప వేరేదాన్ని ముట్టుకోనివ్వని 'ఇగ్నోర్‌డిస్క్ ఓన్లీ-యూజ్' ఉంటుంది, అది కూడా ఎస్‌డీఏ అనే వరస పేరుతో కాకుండా, డిస్కు ఎక్కడ తగిలించి ఉందో చెప్పే బై-పాత్ పేరుతో. డిస్కుల వరస ఎప్పుడు మారుతుందో చెప్పలేం.

నెట్‌వర్క్ వాళ్లు డీహెచ్‌సీపీకి ఒప్పుకోని సైట్లకి పెన్‌డ్రైవ్ తీసుకెళ్తాను. దానికి 'ఓఈఎండీఆర్‌వీ' అని లేబుల్ పెట్టి, లోపల కేఎస్ డాట్ సీఎఫ్‌జీ పేరుతో ఫైలు వేస్తే ఇన్‌స్టాలరే వెతికి తీసుకుంటుంది, బూట్ లైన్‌లో ఏమీ రాయనక్కర్లేదు. ఇంత మంచి సంగతి నాకు నాలుగేళ్ల దాకా ఎవరూ చెప్పలేదు.

ఐదారు సర్వర్లున్నవాళ్లకి కూడా ఇది పెట్టుకోమనే చెప్తాను. సర్వర్లన్నిటినీ ఒకచోట నుంచి చూసుకునే ఫోర్‌మన్ లాంటి పెద్ద సరంజామా వందల్లో ఉన్నవాళ్లకి. నేను మాత్రం ఇన్ని జాగ్రత్తలున్నా, రీఇన్‌స్టాల్ అంటే ముందు ర్యాక్ వెనక్కి వెళ్లి ఫైబర్ కేబుల్ పీకి, తర్వాతే పవర్ బటన్ నొక్కుతాను.