జాగ్రత్త: "పేటెంట్ వచ్చేసింది మేడం" అంటే ముందు కాగితం చదవండి (నేను చదవలేదు)

వైజాగ్‌లో చిన్న టెక్ కన్సల్టెన్సీలు నడుపుకుంటున్న వాళ్లందరికీ. ఆ మనిషి మీకు తెలుసు. గ్రూపుల్లో పొద్దున్నే రాకెట్ బొమ్మ వేసి "ఐడియా మీది, పేటెంట్ మాది" అని పోస్టర్ పెట్టే ఆయనే. స్టార్టప్ మీటింగ్ ఎక్కడ జరిగినా ఉక్కపోతలో కూడా కోటు వేసుకుని ముందు వరసలో కూర్చునే ఆయనే. పేరు రాస్తే పరువునష్టం కేసు వేస్తాడని మా లాయరు గారు ఆపారు. పరువట ఆయనది. నష్టం మాత్రం నాది, 65 వేలు.

గబగబా చెప్పేస్తాను. మేం నలుగురం, మద్దిలపాలెంలో ఒక అద్దె గది. పూర్ణామార్కెట్ కొట్లకి బిల్లింగ్ సాఫ్ట్‌వేర్, ల్యాబులకి వెబ్‌సైట్లు, ఇవీ మాకు కూడు పెట్టేవి. రాత్రిళ్లు చేసే పని వేరు. ఫిషింగ్ హార్బర్ నుంచి వేటకెళ్లిన బోటు రోజుల తరబడి సముద్రంలోనే ఉంటుంది. లోపల ఐసు ఎంత మిగిలిందో బోటు నడిపే సరంగు చేత్తో పొడిచి చూసి చెప్పాలి. టెంపరేచర్ సెన్సర్ పెడితే పోలేదా అంటారు అందరూ. పోదు. చివరి గడ్డ కరిగేదాకా రీడింగ్ సున్నా దగ్గరే కూర్చుంటుంది, ఆ తర్వాత ఒక్కసారిగా లేస్తుంది. అప్పటికి చేప పని అయిపోతుంది. అందుకని మేం కరిగిన నీటిని లెక్కపెట్టాం. అడుగున చేరిన నీళ్లని పంపు ఎంత తోడిందో చూసి, ఎంత ఐసు పోయిందో చెప్పే పెట్టె అది. "నీళ్లు లెక్కెట్టి ఐసు సెప్తాదా ఇది?" అని నవ్విన సరంగు మూడో వేట నుంచి వచ్చాక "ఇంకోటి ఉంటే మా బావ బోటుకి కట్టమ్మా" అన్నాడు. ఏడాదిన్నర కష్టానికి నాకు దొరికిన అవార్డు అదొక్కటే.

అప్పుడు తగిలాడు మన కోటాయన. 2024 జనవరిలో 35 వేలు అడ్వాన్సు, ఫిబ్రవరిలో "ఫైలింగ్ అయిపోయింది" అన్న రోజున మిగతా 30. "ఇక ధైర్యంగా పదిమందికీ చూపించండి మేడం, మీ ఐడియాని ఎవడూ ముట్టుకోలేడు" అన్నాడు. చూపించాను. ఆగస్టులో ఒక ఇంజినీరింగ్ కాలేజీ ఆడిటోరియంలో పెట్టె విప్పి, సర్క్యూట్‌తో సహా స్క్రీన్ మీద వేసి మరీ చూపించాను. వీడియో కూడా నెట్‌లో పెట్టాం. దీని సంగతి తర్వాత చెప్తాను, అసలు మంట అక్కడే.

డిసెంబర్లో సర్టిఫికెట్ వచ్చింది. వాయిస్ మెసేజ్ ఇప్పటికీ ఉంది: "వచ్చేసింది మేడం పేటెంట్, స్వీట్లు ఎప్పుడు?" కిలో మాడుగుల హల్వా పట్టుకెళ్లి నా చేత్తో ఇచ్చాను. కాగితాన్ని ఫ్రేమ్ కట్టించి ఆఫీసులో సింహాచలం అప్పన్న పటం పక్కన తగిలించాను. పది నెలల్లో పేటెంట్ ఏమిటి అని అనుమానం రాలేదా అంటారు కదా. వచ్చింది. మామూలుగా అయితే దరఖాస్తు ప్రచురించడానికే 18 నెలలు. అడిగితే "స్టార్టప్‌లకీ మహిళలకీ త్వరగా పరిశీలించే పద్ధతి ఉంది కదా మేడం" అన్నాడు. అది నిజమే, ఉంది. ఈ మనిషి నిజాన్ని కూడా అబద్ధానికి కాపలా పెట్టగలడు.

మొన్న మార్చిలో ఒక బోట్ల ఓనరు ఇరవై పెట్టెలు తీసుకుంటానన్నారు. ఏప్రిల్ 15 నుంచి 61 రోజులు వేట నిషేధం, బోట్లన్నీ ఒడ్డునే ఉంటాయి, బిగించడానికి అదే అదను. వాళ్లబ్బాయి చదువుకున్నవాడు, పేటెంట్ నంబరు అడిగాడు. మా కుర్రాడు పేటెంట్ ఆఫీసు సైట్‌లో కొడితే పేటెంట్లలో రాలేదు. డిజైన్లలో వచ్చింది.

గోడ మీద ఫ్రేమ్ దింపి చదివాను. పైనే ఉంది, పెద్దక్షరాల్లో: డిజైన్ రిజిస్ట్రేషన్ సర్టిఫికెట్. మూడు నెలలుగా రోజూ దానికెదురుగా కూర్చుని టీ తాగాను నేను.

డిజైన్ రిజిస్ట్రేషన్ అంటే వస్తువు కంటికి ఎలా కనిపిస్తుందో దానికి మాత్రమే రక్షణ. అది ఎలా పనిచేస్తుందో దానికి కాదు. పోనీ మా పెట్టె రూపమైనా మాదా? డాబాగార్డెన్స్‌లో 180 రూపాయలకి కొన్న రెడీమేడ్ ప్లాస్టిక్ డబ్బా అది, పైన స్టిక్కర్ ఒక్కటీ మాది. ఎవడో అచ్చు పోసి బజార్లో అమ్ముతున్న డబ్బాని ఈ మహానుభావుడు నా పేర రిజిస్టరు చేయించాడు. దానికి ప్రభుత్వ ఫీజు మాబోటి వాళ్లకి వెయ్యి రూపాయలు.

ఆ మధ్యాహ్నమే ఆయన ఆఫీసుకి వెళ్లాను. ఎదుట కుర్చీలో ఇంకో కుర్రాడు ఉన్నాడు, ఒళ్లో డ్రోన్, చేతిలో చెక్కు. నన్ను చూసి "రండి మేడం, మా సక్సెస్ స్టోరీ" అని వాడికి పరిచయం చేశాడు. ఫ్రేమ్ టేబుల్ మీద పెట్టి ఇది పేటెంటా అన్నాను. ఒక్క క్షణం కూడా తడబడలేదండీ. "పేటెంట్ అని నేనెప్పుడన్నాను? ఐపీ ప్రొటెక్షన్ అన్నాను. బిల్లు చూసుకోండి." చూస్తే బిల్లులో అదే ఉంది, ఐపీ సర్వీసెస్ అని. ఐపీ అంటే మేధో సంపత్తి, అందులో పేటెంటూ వస్తుంది, డిజైనూ వస్తుంది. వాయిస్ మెసేజ్ వినిపించాను. తన గొంతు తనే విని నవ్వాడు. "అది వాడుకలో అనే మాట మేడం. జిరాక్స్ అనమా?" అన్నాడు. డబ్బు వెనక్కివ్వమంటే ఆ కుర్రాడి వైపు తిరిగి, నేను అక్కడ లేనట్టే, "ఆడవాళ్లతో బిజినెస్ అంటే కొంచెం ఎమోషన్స్ ఉంటాయి, మనమే సర్దుకోవాలి" అన్నాడు. టేబుల్ మీద మాడుగుల హల్వా డబ్బా ఉంది. అందులో పెన్నులు పెట్టుకున్నాడు.

నేనేమీ అనలేకపోయాను. మంచి మాటలన్నీ మెట్లు దిగాక వచ్చాయి. ఒకటి మాత్రం ఇక్కడ రాస్తాను: అప్పన్నకి కూడా ఏడాదికోసారి చందనం ఒలిచి నిజరూపం చూపిస్తారు. ఈయన నిజరూపం చూడ్డానికి నాకు 14 నెలలు పట్టింది.

65 వేలు పోతే పోయాయి, ఇంకో నాలుగు కొట్లకి బిల్లింగ్ పెడితే వస్తాయి. పోయింది వేరే. పేటెంట్ దరఖాస్తు పడకముందే పదిమందికీ బహిరంగంగా చూపించేస్తే అది ఇక చట్టం దృష్టిలో కొత్తది కాదు. కేంద్రం గెజిట్‌లో నోటిఫై చేసిన ఎగ్జిబిషన్ల లాంటి కొన్ని మినహాయింపులున్నాయి, కాలేజీ ఆడిటోరియం వాటిలోకి రాదు. అంటే చూపించమని నన్ను తోసినవాడే నా దారి మూసేశాడు. మిగిలింది ఒక్క ముక్క. బోటు అడుగున సముద్రపు నీరు ఊరితే ఐసు లెక్క తప్పిపోకుండా ఉప్పుని పసిగట్టే భాగం. ఆ రోజు డెమోలో అది మొరాయిస్తే ఏడుపొచ్చింది, చూపించకుండా పక్కన పడేశాం. ఇప్పుడు దానికే ప్రొవిజనల్ (తాత్కాలిక) దరఖాస్తు నేనే స్వయంగా వేస్తున్నాను. స్టార్టప్‌కి ఆన్‌లైన్లో ఫీజు 1,600. వేశాక పూర్తి వివరాలు రాసిచ్చే స్పెసిఫికేషన్‌కి 12 నెలల టైముంటుంది. ఇది అప్పుడే వేసుకోవడానికి నాకేం రోగం?

మిగతావాళ్లకి, రెండు ముక్కలు. పేటెంట్ దరఖాస్తు నంబరు 12 అంకెలు ఉంటుంది, ముందు సంవత్సరం, ఆ వెంటనే ఆఫీసు అంకె. మనకి చెన్నై కాబట్టి 4. ఆరంకెలూ గీతా 001 అని ఉంటే అది డిజైన్. ఎవరైనా పేటెంట్ ఏజెంటునంటే రిజిస్ట్రేషన్ నంబరు అడిగి, సైట్‌లో జాబితా ఉంది, చూసుకోండి. మన కోటాయన పేరు అందులో లేదు. స్టార్టప్‌గా గుర్తింపు ఉంటే కేంద్రం పథకం కింద దరఖాస్తు తయారుచేసి వేసిపెట్టే ఫెసిలిటేటర్ ఫీజు ప్రభుత్వమే కడుతుంది, మనం దరఖాస్తు ఫీజు కట్టుకుంటే చాలు. ఆ గుర్తింపుకీ, చిన్న వ్యాపారాల ఉద్యమ్ రిజిస్ట్రేషన్‌కీ పైసా ఖర్చు లేదు. వాటికి కూడా ఈయన దగ్గర ప్యాకేజీలున్నాయి.

వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు నమోదు చేశాను. వ్యాపారం కోసం కొన్న సర్వీసు కదా, వినియోగదారు కాదంటారేమో అని లాయరు గారు నసుగుతున్నారు. చూద్దాం.

ఆ డ్రోన్ కుర్రాడు ఇది చదువుతుంటే: బాబూ, చెక్కు ఇచ్చేసి ఉంటే బ్యాంకుకి ఫోన్ చేసి ఆపించు. ఈయన దగ్గర కాగితం తీసుకున్న మిగతావాళ్లు ఇవాళే ఆ నంబరు చూసుకుని నాకు మెసేజ్ పెట్టండి. నలుగురైదుగురం అయితే కలిసే వెళ్దాం. ఈసారి హల్వా లేదు.